అమ్మ కత్తి పట్టింది!

“అమ్మా, నువ్వు హీలర్‌ని తీసుకో. నీకదే బావుంటుంది.”

మా వాడు ఈ మాట అన్నప్పుడు నేను వాడి పక్కన కుర్చీ లాక్కుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ కంప్యూటర్ తెరవంక చూస్తున్నాను. తెర మీద ఒక అమ్మాయి బొమ్మ నిలబడి ఉంది. ఇంకా పేరు లేదు, వృత్తి లేదు. పక్కన వరసగా చిన్న చిన్న గుర్తులు. వాటిలో ఏది నొక్కితే ఆ అమ్మాయి ఇక జీవితాంతం అదే.

“హీలరంటే?”

“అందరూ యుద్ధం చేస్తూంటే వెనకాల నిలబడి వాళ్ళ గాయాలు మాన్పుతూ ఉంటారు. నీకు దెబ్బలు తగలవు. అందరి ప్రాణాలూ నీ చేతిలో ఉంటాయి.”

పేపరు చాటునుంచి మావారి గొంతు వినిపించింది. “మంచి సలహా. మీ అమ్మకి అలవాటైన పనే!”

అంతే, నాకు ఎక్కడలేని పౌరుషమూ వచ్చేసింది. “వెనకాల నిలబడే పని ఇంట్లో చాలినంత ఉంది. ముందు నిలబడి కొట్టేవాళ్ళెవరో వాళ్ళని చూపించు” అన్నాను.

మావాడు నోరు తెరిచాడు. మావారు పేపరు దించారు. నిజం చెప్పొద్దూ, అది ఆ క్షణంలో రోషంకొద్దీ అన్నమాటే. కానీ దాని వెనకాల ఎంత కోపముందో, ఆ కోపం అసలు ఎవరిమీదో నాకు తర్వాతగానీ తెలిసిరాలేదు.

నలభైకి దగ్గరపడుతున్న ఇల్లాలు, అప్పుడో కథా ఇప్పుడో కథా రాసుకునే మనిషి, కంప్యూటర్ ఆటలేమిటని ముక్కున వేలేసుకునేవాళ్ళకి ముందుగా ఆ సంగతి చెప్పాలి.

గదిలోంచి వినిపించిన నవ్వు

మా అమ్మ 2023 జూన్‌లో పోయింది. అంతకుముందు ఏడాదిన్నర పక్షవాతంతో కాకినాడలో మా ఇంట్లోనే మంచంలో ఉంది. నాకు ఒక్కడే తమ్ముడు. డల్లాస్‌లో ఉద్యోగం. నెలనెలా డబ్బు పంపేవాడు. మందులు, ఫిజియోథెరపీ, రాత్రిళ్ళు ఉండే ఆయా జీతం, అన్నీ ఆ డబ్బుతోనే. ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు. కానీ అమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టింది నేను. పుండ్లు పడకుండా పౌడరు రాసింది నేను. అర్ధరాత్రి “నాన్న వచ్చాడా?” అని అమ్మ అడిగితే, నాన్న పోయి తొమ్మిదేళ్ళయిందని చెప్పలేక “వస్తున్నాడు, పడుకో” అన్నదీ నేనే.

అమ్మ పోయినప్పుడు తమ్ముడు రాలేదు. తలకొరివి మా పెదనాన్నగారబ్బాయి పెట్టాడు. పదకొండో రోజుకీ రాలేదు. ఆ రాత్రి ఫోనులో నేనన్నాను: “డబ్బు పంపితే సరా? ఒక్క రాత్రి, ఒక్కటంటే ఒక్క రాత్రి ఆ మంచం పక్కన పడుకున్నావుట్రా?”

వాడేమీ అనలేదు. ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు మా మధ్య మాటల్లేవు. పండక్కి మావారితో మాట్లాడేవాడు, మేనల్లుడితో మాట్లాడేవాడు. నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా సర్దేదాన్ని.

2025 వేసవి సెలవుల్లో ఒక ఉదయం దోశలపిండి గిన్నె పట్టుకుని మావాడి గది ముందునుంచి వెళ్తున్నాను. వాడి హెడ్‌ఫోను పాడైపోయి మాటలు బయటికే వినిపిస్తున్నాయి. “చూసుకోరా, నీ వెనకాల ఇంకోడున్నాడు!” అంటూ ఒక గొంతు, వెనకే పెద్ద నవ్వు. మా తమ్ముడు. నవ్వితే అచ్చం మా అమ్మే. చివర్లో ఊపిరందనట్టు ఒక చిన్న కూత వస్తుంది.

గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. మావాడూ వాళ్ళ మావయ్యా కలిసి ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆట ఆడుతున్నారని తెలుసు. దాని చందా, నెలకి 15 డాలర్లు, మేనల్లుడి పుట్టినరోజు కానుకగా తమ్ముడే కడుతున్నాడనీ తెలుసు. అక్కడ రాత్రి ఎనిమిది, ఇక్కడ ఉదయం ఆరున్నర. కానీ ఆ నవ్వు మా ఇంట్లో రోజూ వినిపిస్తోందని మాత్రం నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే మావాణ్ణి అడిగాను. “నాకూ నేర్పవురా? మావయ్యకి మాత్రం చెప్పకు.”

మాట్లాడాలని కాదు. ఆ నవ్వు వినాలని.

ఇంతకీ ఏమిటీ ఆట?

ఇది అమెరికాలోని బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన ఆట. మన పిల్లలు ఫోనుల్లో ఆడే ఆటల్లాగా పది నిమిషాల్లో అయిపోయేది కాదు. అదొక లోకం. అడవులు, కొండలు, పట్నాలు, సత్రాలు, సంతలు. దేశదేశాల్లో ఉన్న మనుషులు ఒకే సమయంలో ఆ లోకంలో తిరుగుతూ ఉంటారు. మొదటిరోజుల్లో ఆట ఎలా ఉండేదో అలాగే కావాలని పాతవాళ్ళు కోరితే 2019 ఆగస్టులో ‘క్లాసిక్’ పేరుతో ఆ పాత రూపాన్నే మళ్ళీ తెచ్చారు. మా వాళ్ళు ఆడేది అదే.

అడుగుపెట్టగానే మొదట తేల్చుకోవలసింది మన ‘క్లాస్’. అంటే మన వృత్తి, మన విద్య. ఈ పద్ధతి కంప్యూటర్లలో పుట్టింది కాదుట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట ఒకటి ప్రచురించారు. అందులో వృత్తులు మూడే. కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి పేరు చెప్పి గాయాలు మాన్పేవాడు. యాభై ఏళ్ళు దాటినా ఇలాంటి ఆటలు చాలావాటికి ఆ మూడే మూలం.

కలిసి ఆడేటప్పుడు సాధారణంగా అయిదుగురు ఒక జట్టు. ఒకరు ట్యాంక్, అంటే శత్రువు దెబ్బలన్నీ తనమీద వేసుకునేవాళ్ళు. ఒకరు హీలర్. మిగతా ముగ్గురూ శత్రువుని పడగొట్టేవాళ్ళు. ఈ పోరాడేవాళ్ళలో మళ్ళీ రెండు రకాలు. దూరంనుంచి బాణాలూ మంత్రాలూ వేసేవాళ్ళు, చేతికందే దూరంలో నిలబడి కొట్టేవాళ్ళు. ఈ రెండోవాళ్ళని ‘మెలీ’ అంటారు. మెలీవాళ్ళ కత్తి చేరేది 5 గజాలు. హీలర్ మంత్రం 40 గజాల దూరం పోతుంది.

ఈ లెక్క విన్నప్పుడు నా మనసులో ఏదో కలుక్కుమంది. దగ్గరుండి చేసేవాళ్ళూ, దూరంనుంచి చేసేవాళ్ళూ.

“మెలీ” అన్నాను మావాడితో, చీరల కొట్లో రంగు చెప్పినట్టు.

ఎవరికి ఏది?

అక్కడితో అయిపోలేదు. మెలీలో కూడా బోలెడు రకాలు. మా చిన్న గురువుగారు ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు.

మొదటిది రోగ్. పేరుకి తగ్గట్టే దొంగచాటు యుద్ధం. ఒంటిమీద తోలు కవచం, చేతిలో బాకులు. ఎవరికీ కనిపించకుండా నక్కి వెళ్ళి వెనకనుంచి పొడవడం. వీళ్ళకి ఎనర్జీ అని 100 దాకా ఉంటుంది, కొడుతూంటే ఖర్చవుతుంది, కాసేపట్లో దానంతటదే నిండుతుంది. చిన్న దెబ్బలు కొట్టి పాయింట్లు పోగుచేసుకోవాలి. అయిదు పోగయ్యాక ఒక్క పెద్ద దెబ్బ. కష్టమనిపిస్తే మాయమై తప్పించుకోవచ్చు. ఒంటరిగా తిరగాలనుకునేవాళ్ళకి, చెయ్యి చురుగ్గా ఆడేవాళ్ళకి హాయి. కానీ జట్టుకి అడ్డుగోడలా నిలబడమంటే రోగ్ వల్లకాదు.

రెండోది పాలడిన్. సుత్తీ, డాలూ, ప్రార్థనా కలిసిన మనిషి. బరువైన కవచం వేసుకుంటుంది. తన గాయాలు తనే మాన్పుకుంటుంది. అవసరమైతే పక్కవాళ్ళవీ మాన్పుతుంది. క్లాసిక్‌లో దీని పోరాటం నిదానం. మాటిమాటికీ మీటలు నొక్కక్కర్లేదు. “కుక్కర్ విజిల్ వచ్చి నువ్వు లేచెళ్ళినా తొందరగా చావవమ్మా” అన్నాడు. 2004 నాటి ఆటలో రెండు పక్షాలుండేవి. పాలడిన్లు ఒక పక్షానికే, షామన్లనే మరో రకం రెండో పక్షానికే. 2007 నుంచీ ఇద్దరికీ రెండూ ఇచ్చారు.

మూడోది డ్రూయిడ్. పదో మెట్టు చేరాక ఎలుగుబంటిగా మారి దెబ్బలు కాస్తుంది. ఇరవయ్యో మెట్టులో పెద్దపిల్లిగా మారి గోళ్ళతో చీరుతుంది. మనసు కుదురుగా ఉండనివాళ్ళకి మంచిది.

ఆట కొత్త రూపంలో ఇంకా వచ్చాయి. 2008లో డెత్ నైట్, 2012లో ఉత్త చేతులతో కొట్టే మాంక్, 2016లో కళ్ళకి గంతలు కట్టుకుని యుద్ధం చేసే డీమన్ హంటర్. మేమాడే పాత లోకంలో అవేవీ లేవు.

“ఇక మిగిలింది వారియర్. అది మాత్రం వద్దు” అన్నాడు మావాడు.

“ఏం?”

“కొత్తవాళ్ళకి చాలా కష్టం. మంత్రాల్లేవు, మందుల్లేవు. తన గాయం తను మాన్పుకోలేదు. మొదట్లో మాటిమాటికీ చచ్చిపోతుంది. మంచి కత్తి దొరక్కపోతే మరీ అన్యాయం. పైగా అందరికీ యుద్ధం మొదలయ్యేసరికి శక్తి నిండుగా ఉంటుందా, వారియర్‌కి సున్నా. వారియర్ శక్తి పేరు రేజ్, అంటే కోపం. దెబ్బ కొడితే కొంచెం వస్తుంది, దెబ్బ తగిలితే కొంచెం వస్తుంది. ఆ వచ్చిన కోపంతోనే ఏదైనా చెయ్యాలి. యుద్ధం అయిపోతే మెల్లిగా చల్లారిపోతుంది.”

నేను విన్నది ఆ ఒక్కమాటే. దెబ్బ తగిలితే బలం వస్తుంది.

“అదే కావాలి” అన్నాను.

రిపేరు బిల్లులు

మావాడు అబద్ధం చెప్పలేదు. చచ్చాను. అలా ఇలా కాదు, మొదటి వారంలోనే పాతికసార్లకి తక్కువ కాకుండా చచ్చాను.

ఎల్విన్ అడవి అని మొదట తిరిగే చోట, హాగర్ అనే ఒక రాక్షసుడున్నాడు. కుక్కమూతి, చేతిలో ఆయుధం. పదకొండో మెట్టువాడే గానీ ఒంటరిగా కొట్టలేని రకం. ప్రపంచంలో ఈ ఆట ఆడినవాళ్ళలో చాలామంది వాడి చేతిలో చచ్చినవాళ్ళేనట. నేను మూడుసార్లు చచ్చాను. చచ్చినప్పుడల్లా దెయ్యమై శ్మశానంలో లేచి, మన శవం ఎక్కడుందో వెతుక్కుంటూ నడుచుకుంటూ వెళ్ళాలి. పైగా శత్రువు చేతిలో చచ్చిన ప్రతిసారీ ఒంటిమీదున్న కవచమూ కత్తీ పదోవంతు అరిగిపోతాయి. కమ్మరి దగ్గరికెళ్ళి డబ్బిచ్చి బాగుచేయించుకోవాలి. పాత చీరకి ఫాలు కుట్టించినట్టు నా రాబడంతా దానికే. పద్దులపుస్తకం అక్కడ కూడా తప్పలేదు.

ఈ ఆటకి ఆపే మీట ఉండదు. అవతల నిజం మనుషులున్నారు మరి. ఒకరోజు ఇద్దరు దొంగలతో నేను హోరాహోరీగా ఉన్నప్పుడు కుక్కర్ మూడో విజిల్ వేసింది. “ఒరేయ్, పొయ్యి!” అని నేను అరిస్తే మావాడు పరుగెత్తాడు. పదిహేనేళ్ళుగా వాడు వంటింట్లో గ్యాసు కట్టెయ్యడం అదే మొదటిసారి. అత్తయ్యగారు జపమాల ఆపి, “ఎవరితో పోట్లాడుతున్నావమ్మా?” అన్నారు. “దొంగలతోనండీ” అన్నాను. “కానీ, కానీ” అన్నారు.

పదో మెట్టులో ఒక చిన్న పరీక్ష నెగ్గితే వారియర్‌కి ‘డిఫెన్సివ్ స్టాన్స్’ వస్తుంది. కాచుకునే నిలకడ. అప్పుడు మనకి తగిలే దెబ్బ పదోవంతు తగ్గుతుంది, మనం కొట్టే దెబ్బా పదోవంతు తగ్గుతుంది. కానీ శత్రువుకి మనమీద కోపం మాత్రం 30 శాతం ఎక్కువ పుడుతుంది. ట్యాంక్ పని మొత్తం ఇందులోనే ఉంది.

శత్రువు మనసులో ఒక లెక్క ఉంటుంది. ఎవరు ఎంత కొట్టారు, ఎవరు ఎవరి గాయాలు మాన్పారు అని. అవును, మాన్పినా కోపమే, కొట్టినదానికి వచ్చేదాంట్లో సగం. ఆ లెక్కలో ఎవరు పైనుంటే వాళ్ళమీదికి పోతాడు. దగ్గర నిలబడి కొట్టేవాళ్ళు ట్యాంక్‌కంటే 10 శాతం మించితే చాలు, వాళ్ళవైపు తిరుగుతాడు. దూరంనుంచి కొట్టేవాళ్ళకి 30 శాతందాకా వెసులుబాటు. ఎవరిమీదికైనా తిరిగాడంటే, ‘టాంట్’ అని రెచ్చగొట్టే విద్య ఒకటుంది. పది సెకన్లకోసారి వాడొచ్చు. “ఇటు చూడరా, నేనిక్కడున్నాను” అన్నమాట.

నవ్వొచ్చింది నాకు. మామగారికి కోపమొస్తే పిల్లాడిమీదికి పోకుండా నామీదికి తిప్పుకోవడం, పనిమనిషి రానిరోజు అత్తయ్యగారి చిరాకు నేను కాచుకోవడం. పెళ్ళయినప్పటినుంచీ చేస్తున్న పనికి ఇన్నాళ్ళకి ఒక పేరు దొరికింది.

గనిలో అయిదుగురం

మే నెలాఖరుకి నా వారియర్ పద్ధెనిమిదో మెట్టు చేరింది. మావాడు అటూ ఇటూ తిరిగి అసలు సంగతి చెప్పాడు. “మావయ్య రేపు డెడ్‌మైన్స్‌కి వెళ్తున్నాడు. వాళ్ళకి ట్యాంక్ లేడు. మా ఫ్రెండొకళ్ళు వస్తారని చెప్పేశాను.”

“నేనా? చంపేస్తానందరినీ!”

“పర్లేదమ్మా. హీలర్ మావయ్యే.”

డెడ్‌మైన్స్ ఒక పాత గని. దానికో కథ ఉంది, మన కథలవాళ్ళు రాసినట్టే ఉంటుంది. స్టార్మ్‌విండ్ అనే రాజధాని యుద్ధంలో కూలిపోతే రాతిపనివాళ్ళు దాన్ని మళ్ళీ కట్టారు. కట్టాక దొరలు కూలి ఎగ్గొట్టారు. ఆ పనివాళ్ళ నాయకుడు ఎడ్విన్ వాన్‌క్లీఫ్ అనేవాడు తనవాళ్ళని కూడగట్టుకుని దొంగలముఠా కట్టి ఆ గనిలో దాక్కున్నాడు. మనం వెళ్ళి వాణ్ణి చంపాలి. నాకైతే వాడిమీద కత్తి ఎత్తబుద్ధి కాలేదు. మావాడితో అంటే, “కథ తర్వాతమ్మా, ముందు డాలు పట్టుకో” అన్నాడు.

తమ్ముడు, వాడి స్నేహితులు ముగ్గురు, నేను. నా మైకు కట్టేసి ఉంది. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తాయి, నేను వాళ్ళకి వినిపించను. తెల్లటి అంగీ వేసుకుని నా వెనకాల నడుస్తున్న పూజారి బొమ్మ మా తమ్ముడు.

మొదలుపెట్టాం. ఒక గుంపు, రెండో గుంపు, మూడో గుంపు. నేను ఉరకడం, అరవడం, డాలు అడ్డుపెట్టడం. నా ప్రాణం తగ్గుతున్నప్పుడల్లా వెనకనుంచి ఒక వెలుగు వచ్చి మళ్ళీ నింపేస్తోంది. నాకెంత ఉత్సాహం వచ్చిందంటే, ఒక గుంపు పడీపడకముందే తర్వాతి గుంపుమీదికి పోతున్నాను. వెనక్కి చూడాలనే ధ్యాసే లేదు. ముందు నిలబడేది నేను, దెబ్బలు తినేది నేను. వెనకాలున్నవాళ్ళకేం, హాయిగా వస్తున్నారు.

నాలుగో గుంపు మధ్యలో ఆ వెలుగు ఆగిపోయింది.

నా ప్రాణం సగమైంది. పావైంది. వెలుగు రాలేదు. “ఏం చేస్తున్నాడురా మీ మావయ్య?” అని నేను మావాడిమీద కేకలేస్తూంటే స్పీకరులోంచి తమ్ముడి గొంతు నెమ్మదిగా వినిపించింది.

“అక్కా, ఆగు. నాదగ్గర ఏమీ లేదు. అయిపోయింది.”

నా చేతులు మీటలమీదే ఆగిపోయాయి. అందరం చచ్చిపోయాం.

మావాడు తెరమీద వేలుపెట్టి చూపించాడు. జట్టులో ప్రతివాళ్ళ పేరు కిందా రెండు గీతలుంటాయి. పైది ప్రాణం, కిందది శక్తి. పూజారి శక్తి పేరు మానా. నీలం గీత. తమ్ముడి నీలం గీత ఖాళీగా ఉంది. “అది అయిపోతే వాళ్ళు కూర్చుని నీళ్ళు తాగాలమ్మా. తాగి నిండేదాకా ట్యాంక్ ఆగాలి. నువ్వు ఒక్కసారీ ఆగలేదు.”

“అక్కెవర్రా?” అని అవతల ఎవరో అడుగుతున్నారు. తమ్ముడు వాళ్ళకి జవాబివ్వలేదు. నేను మైకు తెరిచాను.

“నేనేనని ఎలా తెలిసింది?”

“వెనక్కి చూడకుండా అలా దూసుకుపోయేవాళ్ళు నాకు తెలిసి నువ్వొక్కదానివే” అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు. చివర్లో ఆ చిన్న కూతతో సహా.

నీలం గీత

వాళ్ళ స్నేహితులు సెలవు తీసుకున్నారు. మేమిద్దరం దెయ్యాలుగానే ఆ శ్మశానంలో నిలబడి గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ గంటలో నాకు తెలిసిందేమిటంటే, 2023 మే నెలలో మా తమ్ముడి ఉద్యోగం పోయింది. ఆ ఏడాది అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేలమందిని తీసేసిన సంగతి మీరూ పేపర్లలో చదివే ఉంటారు. వాడిది హెచ్-1బి వీసా. ఉద్యోగం పోతే కొత్త కంపెనీ చూసుకోవడానికి 60 రోజుల గడువు. ఆ మధ్యలో దేశం దాటితే ఆ గడువూ పోతుంది, తిరిగి వెళ్ళాలంటే ముందు కొత్త కంపెనీ పెట్టిన అర్జీ మంజూరు కావాలి. అమ్మ పోయింది సరిగ్గా ఆ రెండు నెలల్లోనే.

“ఒక్కమాట చెప్పొచ్చు కదరా” అన్నాను.

“అమ్మకి తెలుస్తుందని చెప్పలేదు. అమ్మ పోయాక, నువ్వన్న మాట విన్నాక, చెప్పినా ఏం లాభంలే అనిపించింది.”

ఆ రెండు నెలలూ కూడా డబ్బు ఒకటో తారీఖుకి వచ్చింది. నేను లెక్కరాసి పెట్టుకున్నాను కూడా. ఎక్కడినుంచి వస్తోందని అడగలేదు.

అలాగని నేనన్న మాట తప్పని నేననుకోవడం లేదు. వాడికీ అదే చెప్పాను. మంచం పక్కన పడుకోవడం వేరు, డబ్బు పంపడం వేరు. నా నడుంనొప్పి ఇప్పటికీ పోలేదు. ఆ రాత్రుళ్ళు నాకు కల్లో వస్తాయి. “నాకూ వస్తాయక్కా, నేను లేని రాత్రుళ్ళు” అన్నాడు వాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. మావాడు ఎప్పుడు లేచివెళ్ళాడో నేను గమనించలేదు. వంటింట్లోంచి మాడిన వాసన వచ్చింది. దోశలు వాడే వేస్తున్నాడు.

ఆడాలనుకునేవాళ్ళకి

నా సొంత గొడవ పక్కనపెడితే, మీ ఇంట్లో ఇలాంటి ఆట ఆడే పిల్లలో అన్నదమ్ములో ఉంటే ఒకసారి పక్కన కూర్చోండి. మెలీ వృత్తి ఎంచుకోవాలంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒంటరిగా తిరగాలనుందా, నలుగురితోనా? ఒంటరిగా అయితే రోగ్. మధ్యమధ్య లేచివెళ్ళే పనులున్నాయా? అయితే పాలడిన్. చచ్చినా విసుక్కోకుండా మళ్ళీ లేచి నడిచే ఓపిక ఉందా? అప్పుడే వారియర్. ఆట వేగం చూసి భయపడకండి. క్లాసిక్‌లో వారియర్ దెబ్బకీ దెబ్బకీ మధ్య సాధారణంగా సెకనున్నర వ్యవధి ఉంటుంది. తిరగమోతలో ఆవాలు చిటపటమనేలోగా ఎండుమిర్చి వెయ్యగలిగినవాళ్ళకి అది బోలెడు సమయం.

జాగ్రత్తలూ ఉన్నాయి. పిల్లలు అసలు పేరు, చిరునామా, ఫోను నెంబరు అక్కడ ఎవరికీ చెప్పకూడదు. వేళంటూ ఒకటి పెట్టుకోవాలి. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో చేర్చింది. తిండీ నిద్రా చదువూ మానేసి ఆడుతూంటే అది ఆట కాదు, వైద్యుణ్ణి అడగాల్సిన సంగతి.

అలాగని తలుపు మూసి ఉన్న ప్రతి గదీ చెడిపోతున్న గదీ కాదు. నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక కుర్రాడుండేవాడు. కండరాలు క్షీణించే జబ్బు. చక్రాల కుర్చీలోనే బతికి 2014లో, పాతికేళ్ళకే పోయాడు. పాపం, బిడ్డకి స్నేహమన్నదే తెలియకుండా పోయిందని తల్లిదండ్రులు కుమిలిపోయారు. వాడి పేరుమీదున్న బ్లాగులో కబురు పెడితే, ఈ ఆటలో వాడికి స్నేహితులైనవాళ్ళు దేశదేశాలనుంచి ఉత్తరాలు రాశారు. కొందరు అంత్యక్రియలకీ వచ్చారు. వాడిమీద 2024లో ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. ఆ సంగతి చదివిన రాత్రి నేను మావాడి గదిలోకి వెళ్ళి, నిద్రపోతున్న వాడి తల నిమిరి వచ్చాను.

ఇప్పుడు మావాడికి పదో తరగతి. వాడి ఆట ఆదివారాలకే. నాది కూడా. నా వారియర్ ముప్ఫైనాలుగో మెట్టులో ఉంది. వాన్‌క్లీఫ్‌ని నాలుగో ప్రయత్నంలో ఓడించాం, వాడి కూలిబాకీ సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. నలభయ్యో మెట్టు చేరితే ఇనప రేకుల కవచం తొడుక్కోవచ్చుట. ఇప్పటినుంచే డబ్బు దాస్తున్నాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకి ఇద్దరం కొత్త గుమ్మం ముందు నిలబడతాం. లోపల ఏముందో తెలియదు. కత్తి దూస్తాను. అడుగు వెయ్యబోయేముందు వాడి పేరు కింది నీలం గీత చూస్తాను.

“ఉందిట్రా?”

“ఉందక్కా. పద.”